కైరోనగరపు నాట్యకత్తెలు

"బెల్లీ డాన్సు" అను మాట మన యిండ్లలో వినబడినంతనే పెద్దవారు మొగము త్రిప్పుకొందురు. పిన్నవారు నోటికి కొంగు అడ్డము పెట్టుకొని నవ్వుదురు. చలనచిత్రములలో దొంగల గుహయందో మద్యశాలయందో ఒక యువతి తళుకుబిళ్లల దుస్తులు ధరించి నడుము త్రిప్పుచు నాడుటయే మనలో పెక్కుమంది యెఱిగిన బెల్లీ డాన్సు. ఈజిప్టు దేశపు స్త్రీలు తమ యిండ్లలో నాడుకొను నృత్యమునకును ఈ యాటకును గల చుట్టఱికము మిక్కిలి దూరపుది. ఆ నృత్యమెట్టిదో, దానిని జీవనాధారముగ గొన్న స్త్రీలకు లోకమేమి మర్యాద చేసినదో, వారి వేషమెట్లు మాఱినదో సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

మొదట పేరు సంగతి. ఇది ఆ దేశపు స్త్రీలు పెట్టుకొన్న పేరు కాదు. అరబ్బీ భాషలో దీనిని "రఖ్స్ షర్ఖీ" యందురు. తూర్పుదేశపు నృత్యమని యర్థము. సామాన్యజనుల వీథులలోను, పల్లెలలోను ఆడునది "రఖ్స్ బలదీ". బలద్ అనగా ఊరు, దేశము. కావున బలదీ యనగా మన యూరిది, మనవారిది యని తాత్పర్యము. పందొమ్మిదవ శతాబ్దమున ఆ దేశమునకు పోయిన ఫ్రెంచివారు తమ కన్ను ఎచ్చట నిలిచెనో దానినిబట్టి "ఉదరనృత్యము" అని తమ భాషలో పేరిడిరి. ఇంగ్లీషువారు దానినే తర్జుమా చేసికొనిరి. నిజమునకు ఈ నృత్యమున ఉదరముకంటె కటిప్రదేశమునకే పని హెచ్చు. ఆడుదాని విద్యకు చూచువాని దృష్టి పేరై కూర్చున్నది.

నడుము కదలించుట యనగానే అశ్లీలమని తలచువారు మన భరతముని నాట్యశాస్త్రమును ఒక్కసారి తిరుగవేసి చూడవలెను. అందు కటికి ఛిన్న, నివృత్త, రేచిత, కంపిత, ఉద్వాహిత యని యైదు విధములైన చలనములును, ఉదరమునకు క్షామము, ఖల్వము, పూర్ణము నని మూడు విధములును చెప్పబడియున్నవి. కనుబొమల కదలికను, మెడ కదలికను చెప్పిన స్వరముతోనే ముని వీనిని గూడ చెప్పెను. సిగ్గుపడి దాటవేయలేదు.

ఈ ఈజిప్టు నృత్యమున మన నాట్యమునందువలె కథ లేదు. అర్థము చెప్పు హస్తముద్రలును లేవు. దీనియందలి కష్టమంతయు వేఱొకచోట నున్నది. శరీరమున నొక భాగము కదలుచుండగా తక్కిన భాగము నిశ్చలముగ నుండవలెను. నడుము అడ్డముగ పడవేసిన 8 అంకెవలె మెల్లగా తిరుగుచుండును, భుజములు చలింపవు. తుంటి సన్నగ వణకుచుండును. తలపై నుంచిన కఱ్ఱ జాఱదు. నర్తకి రంగస్థలమంతయు పరుగెత్తదు. నాలుగడుగుల చోటు చాలును. ముఖ్యవాద్యము మట్టితో చేసి చేపతోలు బిగించిన డర్బుకా. ఈజిప్టువారు దానిని "తబ్లా" యందురు; మన తబలాకును ఆ పేరు అరబ్బీనుండియే వచ్చినది. దానిపై రెండే మూలశబ్దములు: నడుమ కొట్టిన "దుమ్", అంచున కొట్టిన "తక్". వీనితో తాళములన్నియు నల్లుదురు. మన సంతూరువాద్యమునకు దగ్గఱి బంధువగు కానూను, వీణజాతిదగు ఊదు, వెదురుపిల్లనగ్రోవివంటి నాయి తోడుండును. వాద్యకాడు ఒక్కడే తాళము లేక ఆలాపన చేయునపుడు నర్తకి పాదములు కదలింపక, ఆ స్వరమెటు పోయిన దేహమటు పోనిచ్చును. డర్బుకా అందుకొన్నంతనే నడుము తాళమును పట్టుకొనును. ముందుగ కూర్చిపెట్టుకొన్న వరుస యుండదు. చెవి లేనిది ఈ విద్యకు పనికిరాదు.

ఇట్టి విద్యను ఈజిప్టు బాలికలు ఎవరియొద్ద నేర్తురు? తల్లియొద్ద, మేనత్తయొద్ద, పొరుగింటి అక్కయొద్ద. పెండ్లికి ముందు రేయి పెండ్లికూతురు చేతులకు గోరింటాకు పెట్టునపుడు ఆడువారందఱు ఒకచోట గూడుదురు. ఒకరు డర్బుకా పుచ్చుకొందురు, తక్కినవారు చప్పట్లు చఱతురు. పిల్లలతల్లియైనను, ముసలమ్మయైనను తుంటిచుట్టు నొక శాలువ బిగించికట్టి లేచి యాడును. అందు తప్పులేదు, బెఱుకులేదు. మన తెలంగాణమున బతుకమ్మ యాటలో అడుగెట్లు వేయవలెనో బాలికలకు పాఠము చెప్పి నేర్పినవారెవరు? ఇదియు నట్టిదే.

దీని పుట్టుకనుగూర్చి కొందఱు గొప్ప గొప్ప మాటలు చెప్పుదురు. ఫారోల గుళ్లలో దేవతార్చనగ పుట్టినదనియు, ప్రసవవేదనపడు స్త్రీకి ధైర్యమిచ్చుటకు పుట్టినదనియు వినుచుందుము. లండనులోని బ్రిటిష్ మ్యూజియమున నెబమూన్ అను నుద్యోగి సమాధినుండి తెచ్చిన చిత్రమొకటి కలదు. సుమారు 3,400 ఏండ్లనాటిది. విందునందు ఇద్దఱు బాలికలు తుంటికి పట్టెకట్టి యాడుచుందురు. పక్కన స్త్రీలు చప్పట్లు చఱచుచుందురు. చూడ ముచ్చటగ నుండును. కాని ఆ గోడనుండి నేటి పెండ్లియింటి వఱకు తెగని దారమును చూపగలవా రెవరును లేరు. పురాతనమైనదని నిరూపించినగాని గౌరవింపరాదను పట్టుదల మాకు లేదు గనుక ఆ చర్చ నింతటితో విడుతుము.

ఇంట నాడుకొను స్త్రీల సంగతి యటుండ, కూలికి ఆడువారు వేఱు. వీరియందు పూర్వము రెండు తెగలు. మొదటివారు "అవాలిమ్"లు, ఏకవచనమున "ఆలిమా". అరబ్బీలో ఇల్మ్ అనగా విద్య. ఆలిమా యనగా విదుషి. వీరు పాటయందు, కవిత్వమునందు నేర్పరులు. కలిగినవారి యంతఃపురములలో స్త్రీల నడుమ గూర్చుండి పాడెడివారు. యజమానుడును అతని మిత్రులును క్రింది వాకిట గూర్చుండి, కొయ్యజాలీల వెనుకనుండి వచ్చు గానమును వినుటయే గాని గాయని మొగము చూచుటకు వీలులేకుండెను. రెండవతెగ "గవాజీ"లు. వీరు మొగమునకు ముసుగులేక వీథులలోను, ఇండ్లముంగిళ్లలోను, ఉత్సవములలోను ఆడెడివారు. ఎడ్వర్డ్ లేన్ అను నింగ్లీషు పండితుడు కైరోలో నివసించి 1836లో ప్రకటించిన గ్రంథమున ఈ రెండు తెగలను విడివిడిగ వర్ణించియున్నాడు. కాలక్రమమున జనుల నోట ఈ భేదము చెఱిగిపోయి, ఆలిమా యను మాట కేవలము ఆటకత్తెకే చెల్లినది. ఐరోపాచిత్రకారులు అర్ధనగ్నస్త్రీల చిత్రములక్రింద ఆ పేరే వ్రాసిరి. విదుషి యను నర్థము గల పదమున కీ గతి పట్టినది. మన భాషలో కలావంతురాలను మాట యేమైనదో ఎఱిగినవారి కిది క్రొత్తగాదు.

1834లో ఈజిప్టు పాలకుడగు ముహమ్మదలీ పాషా గవాజీలును వేశ్యలును రాజధానియందుండరాదని శాసించెను. వారిని నైలునది యెగువనున్న ఎస్నా, కెనా, అస్వాను పట్టణములకు వెడలగొట్టిరి. శాసనమును మీఱిన స్త్రీకి మొదటి తప్పునకు 50 కొరడాదెబ్బలు, మరల మరల మీఱినచో కఠినశిక్షతో చాకిరియు విధింపబడెనని లేన్ దొర వ్రాసెను. అంతవఱకు ఆ స్త్రీలే ప్రభుత్వమునకు పన్ను కట్టుచుండిరి. ఆ పన్నును ప్రభుత్వము సంకోచములేక పుచ్చుకొనుచుండెను. వారిని పంపివైచిన తరువాత కైరోలో పెండ్లిండ్లు ఆగినవా? ఆట యాగినదా? స్త్రీవలె నలంకరించుకొని యాడు మగవారు, ఖవల్ లను వారు, అప్పటికే నగరమున నుండిరి. స్త్రీలు లేనిచోట వారికి గిరాకి హెచ్చెను. నీతికొఱకు చేసిన శాసనము ఆటను మాన్పలేదు, ఆడు స్త్రీల కడుపు కొట్టినది. ఫ్రాన్సు దేశపు గ్రంథకర్త ఫ్లోబేరు 1850లో ఎస్నాకు పోయి కూచుక్ హానెమ్ అను నర్తకిని జూచి వ్రాసిన వ్రాతలు ప్రసిద్ధములు. తుర్కీభాషలో ఆ మాటలకు "చిన్నదొరసాని" యని యర్థము. అది పిలుపేకాని పేరు కాదు. ప్రపంచమంతయు చదివిన యా స్త్రీ అసలు పేరెవరికిని తెలియదు.

ఇది చదువునపుడు మాకు మన దేశపు సంగతి జ్ఞప్తికి రాకపోలేదు. మన పెండ్లిండ్లలో మేజువాణి లేనిది ఘనత లేదనుకొన్న దినములుండెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదలగు సంస్కర్తలు దానిని తీవ్రముగ ఖండించిరి. 1947లో మదరాసు రాష్ట్రమున దేవదాసీ నిషేధశాసనము వచ్చెను. బాలికలను అంకితముచేయు ఆచారము పోవుట మేలే. దానినిగూర్చి మాకు రెండవ యభిప్రాయము లేదు. కాని పదములకు అభినయము పట్టగల యా వృద్ధస్త్రీలు ఆపై నేమి తిని బ్రతికిరని విచారించినవారు మాత్రము కొలదిమంది.

మరల కైరోకు పోవుదము. వెలివేయబడినవారు తరువాతి పాలకుల కాలమున మెల్లగ తిరిగివచ్చిరి. ఆ నగరమున ముహమ్మదలీ వీథి యని యొకటి కలదు. వారిని వెడలగొట్టిన పాలకుని పేరుగల వీథిలోనే ఆటపాటలవారు స్థిరపడుట విధివిలాసము. అచ్చట పూర్వము ఒక్కొక్క మేళమునకు ఒక పెద్ద యుండెడిది. ఆమెను "ఉస్తా" యందురు, అనగా పనిలో ఆఱితేఱినది. పెండ్లి కుదిరినవారు ఉస్తా యింటికి పోయి బేరము చేసికొనవలసియుండెను. మేళము రేయియంతయు పనిచేసెడిది. బేరమాడిన సొమ్ముగాక, పెండ్లికి వచ్చినవారు లేచి "నుక్తా" చదివింతురు. ఎవ రెంత యిచ్చిరో బిగ్గఱగ చెప్పుదురు. రేపు వారింటి పెండ్లిలో ఆ ఋణము తీర్చవలెను. మన చదివింపుల పద్దు పుస్తకము నెఱిగిన గృహిణులకు దీనిని విప్పిచెప్ప నక్కఱలేదు. రాత్రి పెండ్లివారి యూరేగింపు బయలుదేఱునపుడు ముందు నర్తకి నడచును. ఆమె తలపై ఇత్తడి దీపవృక్షము. దానికొమ్మలపై వెలుగుచున్న క్రొవ్వొత్తులు. షఫీకా యను కాప్టు క్రైస్తవస్త్రీ ఈ యాటను ప్రసిద్ధికి దెచ్చెనని చెప్పుదురు. మైనము మీద పడకుండ, మంట ఆఱకుండ, మెడ నిలిపి నడుము కదలించుచు వీథి పొడవున నడచుట యెంతటి పనియో ఆలోచింపుడు. నర్తకి లేనిది పెండ్లి శోభింపదు. ఆ నర్తకి యింటినుండి పిల్లను తెచ్చుకొనుటకు మాత్రము ఆ పెండ్లివారు సమ్మతింపరు.

ఇక వేషము. తళుకుబిళ్లల రవికయు నడికట్టును ఫారోల కాలపువని తలచువారికి ఆశ్చర్యముగ నుండవచ్చును గాని, ఆ వేషమునకు నూఱేండ్లకు మించిన వయస్సు లేదనియే చెప్పవలెను. లేన్ దొర చూచిన గవాజీల దుస్తులు నాటి మధ్యతరగతి స్త్రీలు ఇంట ధరించు దుస్తులే. కాళ్లకు "షింతియాన్" అను వదులైన పైజామా. మీద "యెలెక్" అను బిగుతైన పొడుగుచొక్కా, ముందువైపు బొత్తములతో. తుంటిచుట్టు మడచికట్టిన శాలువ. తలపై బంగారునాణెములు కుట్టిన జడలు, కన్నులకు కాటుక, చేతులకు గోరింట. వ్రేళ్లకు రెండుజతల చిన్న ఇత్తడితాళములు: ప్రతిచేతను బొటనవ్రేలికొకటి, నడిమివ్రేలికొకటి. వీనిని ఈజిప్టువారు "సాగాత్"లనియు, తుర్కీవారు "జిల్"లనియు నందురు. వీనిలో శాలువకే ప్రాధాన్యము. వదులుబట్టలలో కనబడని కదలికకు ఆ కట్టు గీటు గీచినట్లుండును. నేటికిని ఇండ్లలో ఆడు స్త్రీలకు ఆ శాలువ యొక్కటియే వేషము.

ఎగువ ఈజిప్టునందలి అస్యూత్ పట్టణపు బట్టనుగూర్చి ప్రత్యేకముగ చెప్పవలెను. దానిని "తుల్లి" యందురు. సన్నని నూలువలబట్టపై, రేకుగ సాగదీసిన వెండివన్నె తీగెను వెడల్పైన సూదితో ఒక్కొక్క కన్నునందు దూర్చి, మడచి, నొక్కి త్రెంచుదురు. ముడి యుండదు. ఇట్లు చుక్క వెంబడి చుక్క పెట్టుచు త్రికోణములు, ఒంటెలు, మనుష్యులు, పెండ్లిపల్లకులు కూర్తురు. పని పూర్తియైన వెనుక తీగె బట్టకు అంటుకొనునట్లు అదుముదురు. మన లక్నో ముకేషు పని నెఱిగినవారు దీనిని పోల్చుకొనగలరు. బట్ట బరువుగ, చల్లగ నుండి, ఒంటికి నీరువలె అంటుకొని జాఱును. పెండ్లికూతుండ్ర కొఱకు పుట్టిన యీ బట్టను నర్తకులు వెంటనే ప్రేమించిరి. దీపపు వెలుగున నది కదలుచుండగా చూచినవారు తళుకుబిళ్లలను మరల కోరరని మా నమ్మకము.

ఆ తళుకుబిళ్లల వేషము పేరు "బద్లా"; ఆ భాషలో మగవారి కోటుజోడునకును ఇదే మాట! పూసలు గ్రుచ్చిన రవిక, కుచ్చులు వ్రేలాడు నడికట్టు, తుంటిక్రిందనుండి పాదములవఱకు పలుచని పావడ, నడుమ ఉదరము బయట. తూర్పుదేశపు స్త్రీ యిట్లుండునని ఐరోపా నాటకశాలలవారును, అమెరికా చలనచిత్రములవారును ఊహించి కట్టించిన వేషమిది. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచప్రదర్శనమున "కైరోవీథి" యని యొకటి కట్టిరి. అచ్చట ఆడిన స్త్రీలను చూడ జనులు విరుగబడిరి. చూచివచ్చి అవినీతి యని పత్రికలకు వ్రాసిరి. ఆపై ఆ దేశపు సంతలలో దానికి వెకిలి యనుకరణములు పుట్టినవి. అట్టి యాటను ఎడిసన్ సంస్థవారు 1896లో చిత్రముగ తీయగా, నర్తకి ఱొమ్మునకును తుంటికిని అడ్డముగ తెల్లని కంచెగీతలు వేసి చూపిన ప్రతియు నొకటి కలదు. ఇట్టి యూహలనుండి పుట్టిన వేషము సముద్రముదాటి కైరోకు వచ్చి, అచ్చటి నర్తకులకే తొడుగబడినది.

దానిని అచ్చట నిలిపినది బదియా మసాబ్నీ. సిరియా ప్రాంతమునుండి వచ్చిన యీమె దిక్కులేని బాల్యము గడపి, 1926లో కైరోలో తన పేర సొంత నాట్యశాల తెఱచినది. ఆ కాలమున ఒక స్త్రీ తన సొమ్ముతో, తన లెక్కలతో అంతటి సంస్థను నడుపుట సామాన్యము గాదు. స్త్రీలకు మాత్రమే ప్రవేశముగల ఆటలను గూడ ఏర్పాటు చేసినది. రంగస్థలము పెద్దదైనందున నాలుగడుగుల చోట నాడు నృత్యము నడవవలసివచ్చినది, చేతులు పైకెత్తవలసివచ్చినది, డర్బుకా వెనుక పెద్ద వాద్యబృందము చేరినది. మాఱిన యా రూపమే నేడు లోకమెఱిగిన రఖ్స్ షర్ఖీ. బదియా కడ తయారైనవారిలో ఇద్దఱు ఈజిప్టు చలనచిత్రములవలన ఇంటింట తెలిసిరి. సామియా గమాల్ తేలికగ తిరుగుచు, పలుచని మేలిముసుగు పట్టి యాడును. 1949లో ఫారూఖ్ రాజు ఆమెను "ఈజిప్టు జాతీయనర్తకి" యనెను. తహియా కరియోకా నిలిచినచోటనే నిలిచి, తొందరలేక ఆడును. మాకు ఈమెయే యెక్కువ. 1952 విప్లవము తరువాత రాజకీయకారణములచే ఈమె కారాగారమునకు గూడ పోయినది. పండితుడగు ఎడ్వర్డ్ సయీద్ 1990లో ఈమెపై నొక గౌరవవ్యాసము వ్రాసెను. ఈమె 1999లో మరణించినది.

విప్లవానంతరపు ప్రభుత్వము నర్తకులు ఉదరము కప్పుకొనవలెనని నిర్బంధించినది. నర్తకులు చర్మపు వన్నె గల సన్నని వలబట్టను కుట్టించుకొని, ఆజ్ఞను పాటించితిమనిపించిరి.

ఇతర రీతులు పెక్కు గలవు. ఎగువ ఈజిప్టు మగవారు కఱ్ఱసాము చేయుదురు. దానిని వెక్కిరించునట్లు స్త్రీలు సన్నని చేతికఱ్ఱ త్రిప్పుచు ఆడునది సయీదీ. ఒంటినిండ కప్పుకొను నల్లదుప్పటిని విప్పుచు, చుట్టుచు నాడునది అలెగ్జాండ్రియా పట్టణపు తీరు. 1959లో మహమూద్ రిదా స్థాపించిన బృందము ఇట్టి పల్లెరీతులను నిండుదుస్తులతో రంగస్థల మెక్కించి, మర్యాదస్థుల పిల్లలు గూడ ఆడవచ్చునని చూపినది. అందు ముఖ్యనర్తకి ఫరీదా ఫహ్మీ చదువుకొన్న కుటుంబపు బిడ్డ. అరేబియా సింధుశాఖ తీరపు స్త్రీలు బంగారుకుట్టుపని గల వెడల్పైన అంగీ కొనను పట్టుకొని, విరియబోసిన జుట్టు నిటునటు విసరుచు నాడుదురు. అది పూర్తిగ స్త్రీల కూటములలోనిదే. అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో నగరమున 1987లో మొదలైన యొక బృందమువారు మన దేశపు చోళీరవికయు, నొసట బొట్టును గూడ ఈ నృత్యమునకు తగిలించుకొనిరి. చూచుటకు బాగుగనే యుండును గాని, అదియే ప్రాచీనమైన ఈజిప్టు వేషమని మన పిల్లలు భ్రమపడకున్న చాలును.

హాలెండు దేశపు విదుషి కారిన్ వాన్ న్యూకెర్క్ కైరోలోని ముహమ్మదలీ వీథి స్త్రీలతో కలసిమెలసి తిరిగి 1995లో ఒక గ్రంథము ప్రకటించినది. ఆ స్త్రీలు ఆమెతో చెప్పిన మాట, ఇదియు అన్ని వృత్తులవంటి వృత్తియే యని. గ్రంథమునకు ఆ మాటయే పేరైనది. మగవారి నడుమ పనిచేయునపుడు తామును మగవారివలె గట్టిగ నిలిచి, ఒకరిచే మాట పడక, ఆ సంపాదనతోనే పిల్లలను పోషించుచున్నామని వారు చెప్పిరి. మీ కొమార్తెలను ఈ వృత్తిలోనికి తెత్తురా యనినచో పెక్కుమంది తెచ్చుటకు ఇష్టపడలేదు. వారు చదువుకొని పెండ్లాడి సుఖపడవలెననిరి.